బందరు నుంచి దివిసీమ దాకా: మారుమనస్సు, విశ్వాసం

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు గలిలయ ప్రాంతానికి వచ్చి చేసిన తొలి ప్రకటనలో రెండు పిలుపులు జంటగా వినిపిస్తాయి. ఒకటి మారుమనస్సు పొందమన్నది, రెండోది సువార్తను నమ్మమన్నది. అపొస్తలుల కార్యాల గ్రంథం ఇరవయ్యో అధ్యాయంలో ఎఫెసు సంఘపు పెద్దల దగ్గర సెలవు తీసుకుంటూ పౌలు కూడా, తాను యూదులకూ గ్రీసు దేశస్థులకూ ఇన్నాళ్లు బోధించిన సారమంతా దేవుని ఎదుట మారుమనస్సు, యేసుప్రభువు మీద విశ్వాసం అనే ఈ రెంటిలోనే ఉందని తేల్చి చెప్పాడు. ఆ తరువాతి ఇరవై శతాబ్దాలలో క్రైస్తవ వేదాంతులు ఈ జంటను ఎన్నో విధాలుగా వ్యాఖ్యానించారు, దాని గురించి తమలో తాము పోట్లాడుకున్నారు, సంఘాలు చీలిపోయాయి కూడా. అయినా ఈ రెంటిలో ఒకటి చాలునని ప్రధాన శాఖలేవీ అనలేదు. కృష్ణా దిగువ డెల్టాలో, అంటే బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో, ఈ బోధ తెలుగు మాటల్లో వినబడటం మొదలై రెండు శతాబ్దాలు కావస్తోంది. ఉజ్జీవ కూటాల పందిళ్లలో, పల్లెల్లోని చిన్న ప్రార్థన మందిరాలలో, కాలువ గట్ల వెంబడి గోడల మీది రాతల్లో ఆ పిలుపు నేటికీ కనబడుతూనే ఉంది. అది ఈ నేల మీద ఎలా అర్థమైందో, ఎక్కడ ఫలించిందో, ఎక్కడ దారి తప్పిందో పరిశీలించడమే ఈ ప్రసంగానికి విషయం.

మారుమనస్సు అనే పారిభాషిక పదానికి క్రైస్తవ బోధలో ఉన్న అర్థం, చేసిన తప్పును తప్పుగా గుర్తించి, దాని విషయంలో దుఃఖపడి, నడుస్తున్న దారిని విడిచి దేవుని వైపు తిరగడం. ఈ మూడింటిలో జనానికి బాగా కనబడేది రెండోది, అంటే కన్నీరు; అందువల్లనే కూటంలో ఎంతమంది ఏడ్చారన్న దానిని బట్టి ప్రసంగానికి విలువ కట్టే అలవాటు కూడా ఏర్పడింది. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు దుఃఖాన్ని రెండు రకాలుగా విడదీసి, ఒకటి దేవుని చిత్తానుసారమైనదనీ అది రక్షణకు దారి తీస్తుందనీ, రెండోది లోకసంబంధమైనదనీ అది మరణంతో ముగుస్తుందనీ హెచ్చరించాడు. రెండూ నిజమైన దుఃఖాలే, రెంటిలోనూ కన్నీళ్లు ఉప్పగానే ఉంటాయి; కాబట్టి ఏడుపు ఎంత గాఢమైనదన్న దానిని బట్టి మారుమనస్సును కొలవడం సాధ్యం కాదు.

ఈ భేదాన్ని సువార్తలు సిద్ధాంతంగా కాక ఇద్దరు మనుషుల చరిత్రగా చూపిస్తాయి. యేసును అప్పగించిన ఇస్కరియోతు యూదా, ఆయనకు శిక్ష పడిందని తెలిసిన తరువాత చేసిన పనులను మత్తయి సువార్త ఇరవై ఏడో అధ్యాయం వరుసగా చెబుతుంది: అతడు పశ్చాత్తాపపడ్డాడు, తీసుకున్న ముప్పై వెండి నాణాలను తిరిగి ఇచ్చాడు, నిరపరాధిని అప్పగించి పాపం చేశానని యాజకుల ముందు నోరు తెరిచి ఒప్పుకున్నాడు. దుఃఖం, ఒప్పుకోలు, తీసుకున్నది తిరిగి చెల్లించడం, ఈ మూడూ అతడి విషయంలో జరిగాయి. మధ్యయుగాల వేదాంతులు పశ్చాత్తాపానికి కావలసిన అంగాలుగా లెక్కపెట్టినవి కూడా సరిగ్గా ఈ మూడే. అయినా అతడు ఆత్మహత్య చేసుకున్నాడు. యేసును పట్టుకున్న రాత్రే తన గురువు ఎవరో తెలియదని ముమ్మారు బొంకిన పేతురు చేసింది ఒక్కటే, బయటికి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చాడు. తిరిగి ఇవ్వడానికి అతడి దగ్గర నాణాలు లేవు, ఎవరి ముందూ అప్పుడు ఒప్పుకోనూ లేదు. తేడా ఎక్కడుందంటే, యూదా తన పాపాన్ని తీసుకుని యాజకుల దగ్గరికి వెళ్లి, అదంతా నువ్వే చూసుకోమన్న వారి జవాబుతో ఒంటరివాడైపోయాడు. పేతురు మాత్రం ఎవరి పట్ల తప్పు చేశాడో ఆయన దగ్గరికే తిరిగి చేరగలిగాడు. అతడి విశ్వాసం తప్పిపోకుండా ఉండాలని యేసు ముందే ప్రార్థించినట్టు లూకా రాశాడు. విశ్వాసం లేని పశ్చాత్తాపం ఎంత నిజాయితీగలదైనా మనిషిని నిరాశలోకి నెడుతుందన్న సూత్రం క్రైస్తవ వేదాంతంలో నిలబడింది ప్రధానంగా ఈ రెండు ఉదాహరణల మీదనే.

శాఖల మధ్య భేదాలను ఇక్కడ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. రోమను కతోలిక సంఘం పశ్చాత్తాపాన్ని ఒక సంస్కారంగా, అంటే దేవుని కృపను అందించే పవిత్ర క్రియగా గుర్తించి, 1551 నాటి త్రెంతు మహాసభలో దుఃఖం, గురువు ముందు ఒప్పుకోలు, ప్రాయశ్చిత్త క్రియ అనే అంగాలను ధ్రువీకరించింది. 1937లో ఏర్పడిన బెజవాడ మేత్రాసనం పరిధిలోని తెలుగు కతోలికులు దీనిని పాపసంకీర్తనం అంటారు. మార్టిన్ లూథర్ 1517లో ప్రకటించిన తొంభై అయిదు సిద్ధాంతాలలో మొదటిదే ఈ విషయం గురించి. విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా సాగాలని, అది ఏడాదికోసారి తీర్చుకునే మొక్కుబడి వంటిది కాదని దాని భావం. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట బందరుకు వచ్చి, తరువాత నరసాపురం వైపు తరలిపోయిన విలియం బౌడెన్, జార్జి బీర్ వంటి బ్రదరెన్ సువార్తికులు మారుమనస్సు, విశ్వాసం స్వయంగా ప్రకటించగలిగిన వయసు వచ్చాకే బాప్తిస్మం ఇవ్వాలన్న వారు. నేడు డెల్టాలో పంట కాలువల్లో దిగి నీట మునిగి బాప్తిస్మం తీసుకునే సంఘాల పద్ధతికి ఆధారం ఇటువంటి బోధే. శిశు బాప్తిస్మం ఇచ్చే ఆంగ్లికను సంప్రదాయం అదే ప్రమాణాన్ని తల్లిదండ్రుల చేత, జ్ఞాన తల్లిదండ్రుల చేత పలికిస్తుంది. ఈ వివాదం ముఖ్యమైనదే గాని, నీరెంత లోతున ఉండాలన్న తగవులో దిగినవారు ఆ నీటిలో వదిలిపెట్టవలసినది ఏమిటన్న ప్రశ్నను తరచు మరచిపోయారన్నది కూడా అంతే నిజం.

ఇక విశ్వాసం. సంస్కరణ కాలపు వేదాంతులు దీనిలో మూడు అంశాలను గుర్తించారు: విషయాన్ని తెలుసుకోవడం, అది నిజమని ఒప్పుకోవడం, దాని మీద తన్ను తాను మోపుకోవడం. కృష్ణ మీద పులిగడ్డ, పెనుమూడి మధ్య వంతెన రాకముందు రేవు దాటవలసిన మనిషికి పడవ తేలుతుందని తెలిసి ఉండవచ్చు, అది అవతలి ఒడ్డుకు చేరుస్తుందని అతడు నలుగురి ముందు వాదించనూ వచ్చు. అయినా కాలు తీసి పడవలో పెట్టేంతవరకు అతడు ఇవతలి ఒడ్డువాడే. యాకోబు పత్రిక రెండో అధ్యాయం దయ్యాలు కూడా దేవుడొక్కడేనని నమ్ముతాయని ఎత్తిపొడిచింది ఈ మూడో అంశం లేని విశ్వాసాన్నే. కాలు పడవలో పెట్టడమంటే గట్టు విడవడమే కాబట్టి, విశ్వాసం, మారుమనస్సు రెండు వేర్వేరు మెట్లనీ ఒకటి ముగిశాక రెండోది మొదలవుతుందనీ చెప్పే బోధ ఆచరణలో నిలవదు; దేన్ని విడిచిపెట్టాడన్న వైపు నుంచి చూస్తే మారుమనస్సుగా కనబడేది, ఎవరిని ఆశ్రయించాడన్న వైపు నుంచి చూస్తే విశ్వాసంగా కనబడుతుంది.

తెలుసుకోవడానికీ తన్ను తాను అప్పగించుకోవడానికీ మధ్య ఉన్న ఈ దూరం బందరు పట్టణ చరిత్రలో స్పష్టంగా నమోదై ఉంది. చర్చి మిషనరీ సొసైటీ పంపగా రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ 1841లో బందరు చేరారు. ఫాక్స్ పల్లెల వెంట తిరిగి ప్రకటించే పనిని చేపట్టి, ఆరోగ్యం చెడి 1848లోనే కన్నుమూశారు. నోబుల్ 1843లో ఒక ఇంగ్లీషు బడి తెరిచారు, అదే తరువాత నోబుల్ కళాశాలగా పేరు పొందింది. ఆ బడిలో పై కులాల కుటుంబాల పిల్లలు చేరి, లౌకిక విద్యతో పాటు బైబిలును కూడా పాఠంగా చదివారు, పరీక్షలలో జవాబులు రాశారు. బోధించిన విషయాన్ని తెలుసుకున్నవారు ఎందరో, మనసులో ఔనన్నవారు కొందరు. దాదాపు తొమ్మిదేళ్ల తరువాత, 1852లో, మంచాల రత్నం, అయినాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. పట్టణంలో అలజడి చెలరేగింది, బంధువులు తమ పిల్లలను తిరిగి రమ్మని వేడుకున్నారు, తల్లిదండ్రులు పిల్లలను మాన్పించడంతో బడి ఖాళీ అయిపోయింది. మతం మారినవారు వారసత్వపు ఆస్తిహక్కు కోల్పోకుండా కాపాడే చట్టం అప్పటికి రెండేళ్ల కిందటే, 1850లో వచ్చింది. కానీ తల్లి చేతి ముద్దను, తోబుట్టువులతో కలిసి కూర్చునే పంక్తిని తిరిగి ఇప్పించగల చట్టం ఏదీ లేదు. ఆ ఇద్దరూ తరువాతి కాలంలో గురువులుగా అభిషేకం పొంది సంఘసేవ చేశారు.

ఈ కథను మిషను చరిత్రలు విజయగాథగా చెప్పుకుంటాయి, అందులో అబద్ధం లేదు. అయితే అందులోనే మరొక పొర ఉంది. నోబుల్ తన బడిలో పంచముల పిల్లలను చేర్చుకోలేదు. పై కులాలవారు రాకుండా పోతారన్న భయం దానికి కారణం, ఆ పద్ధతిని తప్పుపట్టినవారు ఆనాటి క్రైస్తవులలోనే ఉన్నారు. కులాన్ని విడిచి రావాలని విద్యార్థులకు బోధించిన సంస్థ తన గుమ్మం దగ్గర అదే కులాన్ని కాపలా ఉంచుకుందన్న మాట. ఇరవై నాలుగేళ్లు స్వదేశం ముఖం చూడకుండా బందరులోనే పనిచేసి, 1865లో అక్కడే కన్నుమూసిన నోబుల్ త్యాగాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. అయినా మారుమనస్సు బోధకుడికి కూడా అవసరమన్న సంగతికి ఆ బడి గుమ్మాన్ని మించిన నిదర్శనం ఈ ప్రాంతపు క్రైస్తవ చరిత్రలో దొరకడం కష్టం.

బడిలో అడుగుపెట్టనివ్వని ఆ జనం మధ్యనే, బందరుకు దూరంగా నాటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని రాఘవాపురంలో, ఈ క్రమం తలకిందులుగా నడిచింది. మాల కులానికి చెందిన పగోలు వెంకయ్య యువకుడిగా ఉన్నప్పుడు దోపిడీ దండులకు నాయకత్వం వహించేవాడని మిషను చరిత్రకారులు రాశారు. విగ్రహాలలో దేవుడు లేడన్న మాట ఒక మిత్రుడి నోట విని, 1849 ప్రాంతంలో ఆయన పాత పూజలు మానేశాడనీ, ఎవరో తెలియని ఆ గొప్ప దేవుణ్ణి తనకు కనబడమని ఏళ్ల తరబడి ప్రార్థించాడనీ, చివరికి బెజవాడలో థామస్ యంగ్ డార్లింగ్ అనే మిషనరీ ఉన్నాడని విని వెదుక్కుంటూ వెళ్లాడనీ ఆ కథనం చెబుతుంది. 1859 మార్చిలో ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. నోబుల్ బడి పిల్లలకు ముందు జ్ఞానం అందింది, అడుగు తరువాత పడింది. వెంకయ్య విషయంలో పాత దారి విడవడం, కొత్త దిక్కుకు తిరగడం పదేళ్ల ముందే జరిగిపోయాయి, తాను ఎవరి వైపు తిరిగాడో ఆయన పేరు మాత్రం తరువాత తెలిసింది. రక్షణ క్రమాన్ని మెట్లు మెట్లుగా గీసి చూపే పుస్తకాలకు ఈ మనిషి లొంగడు. ఆయన తరువాత కృష్ణా ప్రాంతపు మాలపల్లెలు కుటుంబాలకు కుటుంబాలుగా సంఘంలోకి వచ్చాయి, ఆంగ్లికను సంఘం బలం పట్టణంలోని బడి నుంచి పల్లెల్లోని తాటాకు ప్రార్థనశాలలకు మారింది.

గుంపులుగా వచ్చినప్పుడు సహజంగానే మరొక ప్రశ్న పుట్టింది: వీరు మారుమనస్సుతో వచ్చారా, బియ్యం కోసం వచ్చారా? ఈ ప్రశ్నను బయటివారు వేయడానికి ముందే మిషనరీలు వేసుకున్నారు. 1876 నుంచి 1878 వరకు సాగిన మహాకరువులో, కృష్ణకు దక్షిణాన ఒంగోలు బాప్తిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలాది మందికి పని చూపించారు. అయితే అన్నం కోసం విశ్వాసం ప్రకటించారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపివేశారు. కరువు సడలి, సహాయం ఆగిపోయిన తరువాత, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది ఒక్క రోజులో బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. 1933లో భారతదేశపు సామూహిక క్రైస్తవీకరణ మీద పుస్తకం రాసిన వాస్కం పికెట్, వచ్చినప్పటి ఉద్దేశాలు కలగాపులగమైనా, వచ్చిన తరువాత శ్రద్ధగా బోధ అందిన చోట సంఘాలు నిలదొక్కుకున్నాయన్న నిర్ణయానికి వచ్చారు. నిజానికి ఈ ప్రశ్నలోనే కొంత అన్యాయం ఉంది. ఉద్యోగం కోసమో ఇంగ్లీషు చదువు కోసమో నోబుల్ బడికి వెళ్లిన పై కులాల పిల్లవాడి ఉద్దేశం గురించి ఎవరూ ఇంత గట్టిగా ఆరా తీయలేదు, ఆకలిగొన్నవాడి ఉద్దేశాన్నే అందరూ తూకం వేశారు. తప్పిపోయిన కుమారుడి ఉపమానంలో చిన్న కొడుకు ఇంటిదారి పట్టింది తండ్రి ఇంట కూలివాళ్లకు సైతం కడుపునిండా తిండి దొరుకుతుందన్న ఆలోచనతోనే అని లూకా దాచకుండా రాశాడు. తండ్రి ఆ ఉద్దేశాన్ని పరీక్షించకుండానే ఎదురు పరుగెత్తాడు.

ఈ సంఘాలకు దిశ చూపినవారిలో ముఖ్యులు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తమిళ దేశంలో పుట్టి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది దోర్నకలు బిషప్పు అయిన ఆయన ఆంగ్లికను సంఘంలో తొలి భారతీయ బిషప్పు. ఆ తరువాత కృష్ణా ప్రాంతపు చర్చి మిషనరీ సొసైటీ సంఘాలు కూడా ఆయన అధ్యక్షఖండంలోకి వచ్చాయి. మాల, మాదిగ, ఇతర కులాల విశ్వాసులు ఒకే పాత్ర నుంచి ప్రభు రాత్రి భోజనంలో పాలుపుచ్చుకోవాలని ఆయన పట్టుబట్టారు. ప్రభు రాత్రి భోజనం అంటే యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ విశ్వాసులు రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం. డెల్టా పల్లెల్లో దానిని బల్ల అనీ సంస్కారం అనీ అంటారు. పాత కులం పట్టింపును విడిచామన్న ఒప్పుకోలు నోటితో పలికినప్పటి కంటే, పక్క పల్లె మనిషి పెదవులు తాకిన పాత్రను అందుకున్నప్పుడు ఎక్కువ పరీక్షకు నిలుస్తుంది. ఆ పరీక్షలో సంఘం అన్నిచోట్లా నెగ్గిందని చెప్పడానికి వీలులేదు. పెళ్లి సంబంధాల దగ్గర, శ్మశానాల దగ్గర, సంఘ కమిటీ ఎన్నికల దగ్గర కులం ఇప్పటికీ తన వాటా అడుగుతూనే ఉంది.

నోటి ఒప్పుకోలు విషయంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మరొక చిక్కు తెచ్చిపెట్టింది. షెడ్యూల్డు కులాల హోదాను మతంతో ముడిపెట్టిన ఆ ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడినని నమోదు చేసుకున్న దళితుడు ఆ హోదా కోల్పోతాడు; అందువల్ల ఆదివారం ఆరాధనలో విశ్వాస ప్రమాణం పలికేవారు కొందరు కాగితాల మీద మరొక మతం పేరు రాసుకుంటున్నారు. దీనిని ఉపయోగించుకుని వారి విశ్వాసం కపటమని తీర్పు చెప్పడం తేలిక. మతం మారినంత మాత్రాన వెలివాడ వెలివాడ కాకుండా పోలేదన్న వాస్తవాన్ని చట్టం చూడనప్పుడు, ఆ భారమంతా బీదవాడి మనస్సాక్షి మీద మోపడం మాత్రం న్యాయం అనిపించుకోదు.

మారుమనస్సుకు ఫలాలు ఉండాలని బాప్తిస్మమిచ్చు యోహాను పట్టుబట్టినప్పుడు, జనం ఏమి చేయాలని అడిగారు. లూకా సువార్త మూడో అధ్యాయంలో ఆయన ఇచ్చిన జవాబులు చిత్రంగా మతసంబంధమైనవి కావు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలి, సుంకం వసూలు చేసేవాడు నిర్ణయించిన దానికంటే ఎక్కువ పిండకూడదు, సైనికుడు ఎవరినీ బెదిరించి గుంజుకోకూడదు. పందొమ్మిదో అధ్యాయంలో జక్కయ్య ఎవరూ అడగకుండానే ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానని నిలబడి ప్రకటించాడు. యోహాను నేడు గుడివాడ నుంచి నాగాయలంక వరకు నడిచి వస్తే, రొయ్యల చెరువు ఉప్పునీటిని పక్కవాడి వరిచేలోకి వదిలే రైతుతో, పంట పోయిన ఏడాది కూడా కౌలు పూర్తిగా రాబట్టుకునే ఆసామితో, కానుకల లెక్క సంఘానికి చూపించని కాపరితో ఇంతకంటే మెత్తగా మాట్లాడడు. ఈ క్రియలు క్షమాపణకు చెల్లించే వెల కావని, క్షమాపణ ఉచితంగా దొరికినందువల్ల పుట్టే ఫలాలని ఎఫెసీయుల పత్రిక రెండో అధ్యాయం వరుస క్రమం స్పష్టంచేస్తుంది. అక్కడ కృప ముందు, విశ్వాసం దాని వెంట, సత్క్రియలు ఆ తరువాత వస్తాయి.

ఇంతవరకు చెప్పినదానికంటే కఠినమైన ప్రశ్నను ఈ ప్రాంతానికి సముద్రం వేసింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు పట్టణం, పరిసర గ్రామాలు కొట్టుకుపోయి ముప్పై వేల మంది దాకా చనిపోయారు. ఆ నీరు మిషను ఆవరణను విడిచిపెట్టలేదు. జాన్ షార్కీ దంపతులు నడిపిన క్రైస్తవ బాలికల వసతి బడిలోని పిల్లలు ఎంతోమంది ఆ రాత్రి మునిగిపోయారు. నూట పదమూడేళ్ల తరువాత, 1977 నవంబరు 19న, దివిసీమ మీద మరో ఉప్పెన విరుచుకుపడింది. అవనిగడ్డకు దిగువన నాగాయలంక, కోడూరు ప్రాంతాల గ్రామాలలో, సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి చోట్ల, తాటిచెట్టెత్తు నీరు వచ్చిందని బతికినవారు చెప్పుకున్నారు. ప్రభుత్వపు లెక్కల్లోనే మృతులు పదివేల దరిదాపుల్లో ఉన్నారు, చచ్చిన పశువులు లక్షల్లో ఉన్నాయి. ప్రార్థన చేసేవారు, చేయనివారు, సముద్రపు ఒడ్డున వల వేసే బెస్తలు, చేలో కుప్పవేసుకుంటున్న కూలీలు కలిసే పోయారు.

అటువంటి సమయంలో, ఇది పాపానికి పడిన శిక్ష అని చెప్పే బోధ తేలికగా పుడుతుంది. ఎవరి ఖర్మ వారిదన్న పాత నిట్టూర్పుకూ, దేవుడు ఆ ఊరిని శిక్షించాడన్న ప్రసంగానికీ పెద్ద తేడా లేదు. రెండూ బతికినవాడిని సుఖంగా నిద్రపోనిస్తాయి. ఈ బోధకు యేసు స్వయంగా ఇచ్చిన జవాబు లూకా పదమూడో అధ్యాయం మొదట్లో ఉంది. పిలాతు చంపించిన గలిలయుల సంగతి కొందరు తెచ్చి చెప్పినప్పుడు, వారు తక్కిన గలిలయులకంటే పాపాత్ములని తలుస్తున్నారా అని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. అంతటితో ఊరుకోక, యెరూషలేములో సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది ప్రస్తావన తానే తెచ్చి, వారు ఆ పట్టణవాసులందరికంటే అపరాధులు కారని తేల్చి, మారుమనస్సు పొందకపోతే వింటున్నవారికీ నాశనం తప్పదన్నాడు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టు గుడ్డివాడి విషయంలో కూడా, పాపం అతడిదీ కాదు, అతడి తల్లిదండ్రులదీ కాదన్నాడు. చనిపోయినవారి పాపాల చిట్టా విప్పడానికి ఆయన ఎక్కడా ఒప్పుకోలేదు. మారుమనస్సు పిలుపు బతికి ఉండి ప్రశ్న అడిగినవాడి మీదికే తిరిగింది. ఈ లెక్కన ఉప్పెన తరువాత మృతుల పాపాల మీద ప్రసంగించినవారు బైబిలును చేతిలో పట్టుకుని బైబిలుకే ఎదురు బోధించారని చెప్పాలి.

బతికినవారి మీదికి తిరిగిన ఆ పిలుపుకు దివిసీమలో జవాబు రాకపోలేదు, అది ప్రసంగ వేదికల మీదికంటే శవాలను ఏరి దహనం చేసిన చేతుల్లో ఎక్కువగా కనబడింది. సంఘాల సహాయ సంస్థలు, రామకృష్ణ మిషను, వేర్వేరు భావాల స్వచ్ఛంద కార్యకర్తలు ఒకే బురదలో పనిచేశారు. మదర్ థెరిసా వచ్చి బాధితుల మధ్య నిలబడ్డారు. తీరం వెంట తుఫాను రక్షణ భవనాలు లేచాయి, హెచ్చరికలు పల్లెకు చేరే ఏర్పాట్లు మెరుగుపడ్డాయి, వార్త వినగానే ఊరు ఖాళీ చేయించే అలవాటు అధికారులకు వచ్చింది. 1990 మే 9న దాదాపు అదే బలంతో మరో తుఫాను కృష్ణ సముద్రంలో కలిసే చోటనే తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించినందువల్ల ఆ ఏడాది రాష్ట్రమంతటా కలిపి మరణాలు వెయ్యికి లోపే, 967గా నమోదయ్యాయి. దీనిని ఆత్మ రక్షణతో కలిపి చూడటం వేదాంతులకు నచ్చకపోవచ్చు. అయితే జరిగిన నాశనాన్ని చూసి, చచ్చినవారి మీద నేరం మోపకుండా, తాను నడిచే దారి మార్చుకోవడమే మారుమనస్సు అయితే, ప్రభుత్వ రికార్డులలోని ఈ అంకెకు కూడా ఆ బోధలో చోటు ఉంటుంది.

లూకా ఈ సంభాషణను ఆ హెచ్చరికతో ముగించలేదు. వెంటనే ఒక అంజూరపు చెట్టు ఉపమానం వస్తుంది. మూడేళ్లుగా కాయని ఆ చెట్టును నరికివేయమని యజమాని అంటే, తోటమాలి మరొక్క ఏడాది గడువు అడిగి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. హెచ్చరికను విని, గడువు సంగతి వినకుండా వెళ్లినవాడికి మారుమనస్సు మిగులుతుంది గాని విశ్వాసం మిగలదు, యూదాకు జరిగిందీ అదే. ప్రతి ఏటా శ్రమల దినాలలో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలంలో, బందరు, గుడివాడ, అవనిగడ్డ సంఘాలలో ఈ అధ్యాయం మీద ప్రసంగాలు జరుగుతూనే ఉంటాయి. ఆ ప్రసంగాలు చేసే గురువులు, కాపరులు అయిదో వచనం దగ్గర ఆపివేయకుండా తొమ్మిదో వచనం దాకా చదివి బోధించాలి. వినేవారు కూడా అంతవరకూ చదవమని వారిని అడగాలి.